తాత జీపునకు మళ్లీ ప్రాణం.. కాగితాలు చూశాకే రెంచి పట్టాలి

విజయవాడ: పెరటి షెడ్డులో గడ్డిమోపుల చాటున మూలపడిన పాత జీపును బయటకు లాగి, కుమారుడితో కలిసి మళ్లీ రోడ్డెక్కించాలన్న కోరిక పల్లెల్లో చాలామంది పెద్దలకు ఉంటుంది. విడిభాగాలకు జవహర్ ఆటోనగర్ ఉండనే ఉంది. ట్రాక్టరున్న ఇంట్లో పనిముట్లకూ కొదవ ఉండదు. అయితే తొలి బోల్టు విప్పకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. బండిని పుట్టినప్పటి రూపానికి తెస్తారా, లేక కొత్త హంగులతో మారుస్తారా? ఈ రెండింటికీ చట్టంలో దారులు వేరు. సగం పని అయ్యాక సంగతి తెలిస్తే వెనక్కి రావడం కష్టం.

చిన్న పికప్ వాహనాలు విరివిగా రాకముందు ఊళ్లలో ఆ పని చేసింది జీపే. ఎరువుల బస్తాలు, మోటారు పంపులు, పెళ్లివారు, ఎన్నికల మైకులు అన్నీ దాని మీదే తిరిగాయి. మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో అమెరికా విల్లీస్ జీపుల బిగింపు ప్రారంభించింది. తర్వాత వచ్చిన సీజే-3బీ నమూనాయే మన కళ్లకు అలవాటైన రూపం. దాని బానెట్ ఎత్తుగా ఉండటానికి అందం కారణం కాదు. 1953లో అమెరికాలో విడుదలైన ఈ నమూనాకు అమర్చిన 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను అంతకుముందు దానికంటే ఎత్తైనది. అది పట్టేందుకే బానెట్‌ను పైకి లేపారు. కాలక్రమంలో పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది ఆ ఇంజను తీయించి డీజిలు ఇంజను ఎక్కించారు. మహీంద్రా సంస్థే 1980లలో ప్యూజో డీజిలు ఇంజనుతో జీపులు తెచ్చింది. అందుచేత బండిలో ఇప్పుడున్న ఇంజను, ఆర్సీలో రాసి ఉన్న ఇంజను ఒకటేనా అన్నది మొదట సరిచూసుకోవాలి.

ఆర్సీ ఎవరి పేరున ఉంది?

అసలు చిక్కు తరచూ ఇక్కడే వస్తుంది. బండి తండ్రి పేరున ఉండి ఆయన జీవించి ఉంటే 29, 30 నంబరు ఫారాలపై సంతకాలతో యాజమాన్యాన్ని కుమారునికి మార్చుకోవచ్చు. తాత పేరున ఉండి ఆయన గతించి ఉంటే 31వ నంబరు ఫారంతో వారసుల పేరిట మార్చుకోవాలి. యజమాని మరణించిన 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలిపి, మూడు నెలల్లోగా దరఖాస్తు చేయాలన్నది నిబంధన. పల్లెల్లో దీన్ని పట్టించుకునేవారు అరుదు. ఏళ్లు గడిచాక వెళితే మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రాలతోపాటు మిగతా వారసుల అంగీకారమూ కావలసి వస్తుంది. జీపు వెల స్వల్పమే కావచ్చు. కానీ తాత జ్ఞాపకం దగ్గరకొచ్చేసరికి అన్నదమ్ములందరూ వాటాదారులే! పెద్దాయన సంతకం చేయగలిగి ఉన్నప్పుడే ఈ పని ముగించుకోవడం అన్నివిధాలా క్షేమం.

సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి 25వ నంబరు ఫారంతో పునరుద్ధరించుకోవాలి. 20 ఏళ్లు దాటిన తేలికపాటి వాహనాలకు ఈ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో రూ.10 వేలకు పెంచింది. పాత బకాయిలు, హరిత పన్ను దీనికి అదనం.

గ్రైండరు పెట్టేముందు..

జీపును విప్పేటప్పుడు ప్రతి దశలోనూ ఫొటోలు తీసుకోవడం మంచిది. ఏ వైరు ఎక్కడిదో ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. తుప్పు ఎక్కువగా దాగేది కాళ్ల కింది రేకులోనూ, బాడీని ఛాసిస్‌కు బిగించే చోట్లలోనూ, వెనుక అడ్డకమ్మీలోనూ. చేల బురదలో తిరిగిన బండ్లకు, సముద్రపు గాలి తగిలే ఊళ్లలోని బండ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. ఇక్కడే ఒక పొరపాటు కొంప ముంచుతుంది. తుప్పు వదిలించే ఉత్సాహంలో గ్రైండరుతో ఛాసిస్ నంబరును కూడా అరగదీస్తే బండికి గుర్తింపే పోతుంది. తనిఖీలో అధికారులు ఆ నంబరుపై కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ముద్ర తీసుకుంటారు. అక్షరాలు పడకపోతే అది దొంగబండి కాదని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. పని మొదలుపెట్టక ముందే ఆ ముద్ర తీసి దాచుకోవాలి. నంబరున్న చోట గ్రీజు పూసి, టేపు చుట్టి, ఆ భాగాన్ని చేత్తోనే శుభ్రం చేయాలి.

రంగు కంటే ముందు ఖర్చు పెట్టవలసింది బ్రేకులకు. పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. వాటన్నిటికీ ఆయిలు వెళ్లేది ఒకే మాస్టర్ సిలిండరు నుంచి, ఒకే మార్గంలో. ఏ ఒక్క గొట్టం పగిలినా నాలుగూ పనిచేయవు. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో రబ్బరు వాషర్లు, గొట్టాలు బయటకు బాగానే కనిపించినా లోపల గట్టిపడి ఉంటాయి. వాటిని చూసే పని లేదు, అన్నీ మార్చేయాలి.

పెద్దల అనుభవం అక్కరకు వచ్చే చోట్లు వేరే ఉన్నాయి. స్టార్టింగ్ హ్యాండిలు తిప్పేటప్పుడు బొటనవేలిని పిడి చుట్టూ బిగించకూడదు, మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. ఇంజను ఎదురుతన్నితే మణికట్టు విరుగుతుంది. ఈ సంగతి ఆ హ్యాండిలు తిప్పిన తండ్రి చెప్పాల్సిందే.

మార్పులకు హద్దు

వెడల్పు టైర్లు, ముందు ఇనుప గార్డు, కొత్త డీజిలు ఇంజను.. కుర్రవాళ్ల కోరికలు సాధారణంగా ఇవే. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను సమర్థించింది. అదే ఏడాది చట్ట సవరణతో ఒక్కో అక్రమ మార్పునకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించారు. ఇనుప గార్డులపై చర్యలు తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు సూచించింది. ఇంజను మార్చాలంటే ముందస్తు అనుమతి, ఆర్సీలో నమోదు తప్పనిసరి. రంగు మార్చినా నమోదు చేయించుకోవాలి.

చట్టం మాట అటుంచితే, పెట్రోలు జీపులో బరువైన డీజిలు ఇంజను ఎక్కిస్తే ముందు కమాన్ కట్టలు కుంగుతాయి. అదురుకు ఇంజను బిగింపుల వద్ద ఛాసిస్ పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లకు వెల్డింగు పెట్టించుకుంటూ తిరిగిన యజమానులకు ఇది కొత్త కాదు.

మార్చకుండా ఉంచిన వారికి 2021 జులైలో కేంద్రం మరో దారి చూపింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు లేని వాహనాలను ‘వింటేజ్’గా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రూ.20 వేలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు రూ.5 వేలు రుసుము. పాత నంబరుంటే దాన్నే కొనసాగించవచ్చు. అయితే అలాంటి బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి వాటికే రోడ్డుపైకి తేవాలి. రోజూ పొలానికి నడపడానికి వీల్లేదు. గడ్డిమోపులు మోయించాలనుకునే ఇంటికి ఈ నమోదు పనికిరాదు. వారు మామూలు పునరుద్ధరణకే వెళ్లాలి.

బండి సిద్ధమయ్యాక తనిఖీకి నడుపుకొంటూ వెళ్లాలన్న ఉబలాటమూ తగదు. రిజిస్ట్రేషన్ గడువు తీరి, కనీసం థర్డ్ పార్టీ బీమా లేకుండా రోడ్డెక్కితే కార్యాలయం చేరేలోపే కేసు కావచ్చు. లారీపై ఎక్కించి తీసుకెళ్లడమే మార్గం.