తీయడానికి రెంచి, బిగించడానికి చెయ్యి

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా 44వ నంబరు జాతీయ రహదారికి రెండు పక్కలా నల్లరేగడే. అక్కడివాళ్లు ‘కరిసల్’ అనే ఈ నేలను కథల్లోకెక్కించిన కి. రాజనారాయణన్ ఊరు కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్. ఎండాకాలం ఈ నేల దుమ్మై లేచి, ఇంజను కింద నూనె చెమ్మ ఉన్నచోటల్లా అంటుకుంటుంది. ఆయిల్ ఫిల్టర్ డబ్బా మీద మడ్డి కడుతుంది, రెంచి జారుతుంది. ఆ విసుగులోనే తప్పుడు పనులు అలవాటవుతాయి.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రం.

అన్నిటికన్నా చేటు చేసేది ఇదే. నూనెను ఆపేది రబ్బరు రింగు. అది సమంగా నొక్కుకుంటే చాలు. కొత్త ఫిల్టర్ రింగుకు వేలితో కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే తిప్పాలి. రింగు ఇంజనుకు తగిలాక డబ్బా మీద ఒక గీత గీసుకుని, అక్కణ్నుంచి ముప్పావు చుట్టు, మహా అయితే ఒక చుట్టు. చాలా డబ్బాల మీద ఈ లెక్క అచ్చేసే ఉంటుంది, ఎవరూ చదవరు. రెంచి వేసి బిగిస్తే రింగు నలిగిపోతుంది. నూనె రాయకుండా బిగిస్తే వేడికి అతుక్కుపోతుంది. ఈసారి ఊడనని మొండికేసిన ఫిల్టర్ చాలావరకు పోయినసారి బిగింపు ఫలితమే.

అపోహ: ఊడకపోతే స్క్రూడ్రైవర్ దిగ్గొట్టి తిప్పడమే.

డబ్బా పల్చటి రేకు. అది చీలిపోయి, అడుగు పళ్లెం ఇంజనుకే మిగిలిపోవచ్చు. దాన్ని ఉలితో కొడితే సీలు కూర్చునే చోటు గీరుకుపోతుంది. ముందు గుడ్డతో మడ్డి తుడవండి. బెల్టు రెంచిని డబ్బా కొసన కాకుండా ఇంజను వైపు అంచు దగ్గర వేయండి. అక్కడ రేకు గట్టిగా ఉంటుంది, సొట్టపడదు. బెల్టు ఇంకా జారితే మధ్యలో గరుకు కాగితం పెట్టండి.

అపోహ: ఒక్క రెంచి ఉంటే అన్ని బళ్లకూ చాలు.

కప్పులా కూర్చునే రెంచికి వ్యాసం, పలకల లెక్క రెండూ కలవాలి. 65 మి.మీ., 14 పలకలు అని దాని మీదే ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు వదులున్నా పలకలు అరిగిపోతాయి. ఒకే కారున్న ఇంటికి దీన్ని మించింది లేదు. రకరకాల బళ్లు వచ్చే షెడ్డుకు మూడు కాళ్ల రెంచి మేలు. తిప్పేకొద్దీ అదే బిగుసుకుంటుంది, కానీ కింద చోటు కావాలి. చైన్ రెంచి లారీల పెద్ద ఫిల్టర్లకు. డబ్బాను నొక్కేస్తుంది గనక పాతది తీయడానికే, కొత్తదాని మీద వేయకూడదు.

అపోహ: ప్రతి బండికీ ఫిల్టర్ రెంచి కావాలి.

హీరో స్ప్లెండర్‌లో ఊడదీసే డబ్బానే లేదు. తిరిగే రోటరు, ఒక జల్లెడ మడ్డిని పట్టుకుంటాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లో కాగితపు ఎలిమెంట్ చిన్న బోల్టుల మూత వెనక ఉంటుంది. మామూలు పానా చాలు, అతిగా బిగిస్తే అల్యూమినియం మరలు పోతాయి. ప్లాస్టిక్ మూత కింద ఎలిమెంట్ ఉండే కార్లలో మాత్రం చేతి లెక్క పనికిరాదు. మూత మీద ఉన్న కొలతకు, ఉదాహరణకు 25 న్యూటన్ మీటర్లకు, టార్క్ రెంచితోనే బిగించాలి.

ఇక ఏ పనిముట్టూ కాపాడలేని పొరపాటు ఒకటుంది. పాత రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుని ఉండగా, దాని మీదే కొత్త ఫిల్టర్ ఎక్కించడం. ఇంజను స్టార్ట్ చేయగానే రెండు రింగుల మధ్య నుంచి నూనె చిమ్ముతుంది. హైవే మీద జరిగితే ఇంజను పోయినట్టే. అందుకే మెకానిక్ పాత ఫిల్టర్ తీయగానే తిరగేసి చూపించమని అడగండి. రింగు దానితోనే వచ్చిందో లేదో మీ కళ్లతో చూశాకే కొత్తది పెట్టనివ్వండి.