బయలుదేరే ముందు టైర్లలో గాలి చూశారా?

పెండ్లికో, కూటములకో కుటుంబమంతా కారెక్కేటప్పుడు ప్రార్థించి బయలుదేరడం మన ఇండ్లలో ఆచారం. మంచిదే. దానికి ముందు ఐదు నిమిషాలు చక్రాల దగ్గర కూర్చోండి.

హిందూపురం, ధర్మవరం నుండి వచ్చినవారు పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే బండి తెలియకుండానే వేగం అందుకుంటుంది. పైన మే నెల ఎండ, లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను. గాలి తక్కువైన టైరు చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కలు వంగి, వేడెక్కి, చివరకు పగులుతుంది. పెట్రోలు ఎక్కువ తాగడం చిన్న నష్టమే.

గాలి ఎంత ఉండాలి? పంచరు షాపు అబ్బాయిని కాదు, కారునే అడగండి. డ్రైవరు తలుపు తెరిస్తే కనబడే చీటీ మీద ఉంటుంది. నిండు బరువుకు వేరే అంకె ఉంటే అదీ చూడండి. 2014లో తయారీ ఆగిన మారుతి 800 వంటి పాత బండ్లలో చీటీ చెరిగిపోతే, కారుతో ఇచ్చిన పుస్తకం ఉంది. టైరు మీద అచ్చువేసిన అంకె అది తట్టుకోగల గరిష్ఠం మాత్రమే, అంత కొట్టించకూడదు.

ఉదయం, బండి కదలకముందు చూడాలి. పరుగెత్తిన టైరులో వేడికి గాలి పెరుగుతుంది. ఎక్కువైందని అప్పుడు తీసేయకండి. పదిహేను రోజులకొకసారి చాలు. స్టెప్నీ కూడా చూడాలి. చాలామందికి అది పంచరు పడ్డాకే గుర్తొస్తుంది!

రెండు అంచులూ అరిగితే గాలి తక్కువని, నడుమ అరిగితే ఎక్కువని గుర్తు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారం ఆ టైరు పనికిరాదు.

అదే ఉదయం ఇంజను ఆయిలు పుల్ల తీసి చూడండి. రేడియేటరు మూత మాత్రం వేడిమీద తిప్పకండి, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.