తెల్లబారిన కారుకు మరల మెఱుగు

పలనాటి సీమలో రాయియే సంపద. కృష్ణాతీరమున విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులు ఏలిన 3వ శతాబ్దమున నాగార్జునకొండ శిల్పులు బుద్ధచరితమును మలచినది ఈ సున్నపురాతి పలకలమీదనే. ఆ జాతి రాతినే నేడు పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చి సున్నము చేయుచున్నారు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతములలో సిమెంటుగా మార్చుచున్నారు. ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టుచున్న ఆ రాయి, బట్టీల చెంతను, క్వారీ బాటల వెంటను ధూళియై లేచి, నిలిపిన కార్లమీద తెల్లగా పేరుకొనుచున్నది.

కారు తెల్లబడినదని కనబడగానే చేతికందిన గుడ్డతో గబగబ తుడుచుట మనవారి అలవాటు. ధూళి చేయు చేటుకంటె ఈ తొందర చేయు చేటే అధికమని నా దృఢమైన అభిప్రాయము. ఏలయన, కారుమీది తెలుపంతయు ఒక్కటే కాదు: ఒకటి వెలుపలినుండి వచ్చి పడినది, వేఱొకటి రంగులోనుండియే పుట్టినది. ఒకదానికి చేయవలసిన చికిత్స రెండవదానికి పనికిరాదు.

బయటి తెలుపును ముందు చూతము. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చినపుడు బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, నీరు తగిలినంతనే వేడెక్కి ఘోరమైన క్షారముగా మారు కాల్చిన సున్నము మిగులును. పొడిగా నున్నంతకాలము ఆ ధూళివలన రంగునకు పెద్ద భయము లేదు. కాని శీతకాలపు తెల్లవారుజామున కురిసిన మంచుకు తడిసినదా, ఆ క్షారము రంగును తినుచు, గాలినుండి బొగ్గుపులుసు వాయువును తిరిగి గ్రహించి, పొద్దెక్కునప్పటికి మరల రాయియై అంటుకొనును. తడిగుడ్డతో తుడుచుటయు ఇంచుమించు ఇట్టిదే: తడి సున్నమును రేపును, గుడ్డ అందలి ఇసుకరేణువులను రంగుమీద ఈడ్చును. కావున కారును నీడను నిలిపి, రేకు చల్లబడిన పిదప, చేయి తగిలింపక పైకప్పునుండి క్రిందికి ధారాళముగా నీళ్ళు వదలవలెను. సున్నపు దుమ్ము కంటబడిన ప్రమాదము గనుక పిల్లలను దూరముగా నుంచుట మేలు.

ఆ కడిగిన నీటిని కారుమీదనే ఆరనిచ్చితిమేని శ్రమ వ్యర్థము. సున్నపురాతి పొరలలో ఊరిన బోరునీరు కఠినజలము. ఎండకు నీరు ఆవిరికాగా అందు కరగియున్న సున్నము గుండ్రని తెల్లమచ్చలుగా నిలిచిపోవును. ఆరకమునుపే మెత్తని గుడ్డతో అద్దివేయవలెను.

అప్పటికిని పోని మచ్చపై ఒక చుక్క వెనిగరు వేసి, కన్ను దగ్గరగా పెట్టి చూడుడు. సన్నని బుడగలు చిటచిట పొంగినచో అది సున్నమే. వెనిగరునకు సమముగా నీరు కలిపి, గుడ్డ తడిపి, మచ్చపై రెండు మూడు నిముషములుంచి, ఆరిపోకముందే కడిగి, కారు షాంపూతో మరల తోమిన చాలును. స్నానాలగదులు కడుగు యాసిడును మాత్రము దగ్గరకు రానీయకుడు. అది సున్నముతో ఆగక రంగును, ఇనుమును తినును.

బుడగలు రాలేదు, వ్రేలితో రాచిన తెల్లపొడి అంటుచున్నది, కడిగినపుడు మాయమైన తెలుపు ఆరగానే మరల తేలుచున్నది: ఇక నేరము ధూళిది కాదు, ఎండది. రెంటచింతల ఎండలను గూర్చి తెలుగువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు రంగును పట్టియుంచు జిగురును కొంచెము కొంచెముగా ఛేదింపగా, పట్టు తప్పిన వర్ణకణములు పొడియై పైకి వచ్చును. పాత అంబాసిడర్ కార్లును, పొలములవెంట తిరుగు ఎఱ్ఱ ట్రాక్టర్లును వెలవెలబోవుట ఇందువలననే. ఇట్టి పాత రంగును రబ్బింగ్ కంపౌండుతో తేలికగా రుద్దిన, గుడ్డకు బండి రంగు అంటును. చచ్చిన పొర పోయి, క్రిందనున్న సజీవమైన రంగు బయటపడును.

నేటి కార్లలో రంగుపైన పారదర్శకమైన క్లియర్ కోటుండును గనుక గుడ్డకు రంగంటదు. ఆ పూత దళసరి సాధారణముగా 40, 50 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు. రుద్దిన ప్రతిసారియు అందులో కొంత శాశ్వతముగా పోవును. అందుచేత ముందు మృదువైన పాలిషుతో జానెడు మేర రుద్ది చూచి, దానికి లొంగనపుడే కంపౌండును చేపట్టవలెను. అంచులవద్ద పూత మఱింత పలుచన గనుక అక్కడ చేయి ఆపవలెను. మెఱుగు వచ్చిన పిదప వ్యాక్సు పూసినచో సున్నపు ధూళి నేరుగా రంగును తాకదు. పూత పొలుసులుగా లేచిన చోట ఏ పాలిషును పనిచేయదు. పెయింటింగు షెడ్డుకు పోయి మరల రంగు వేయించుటయే గతి.

ఇంత శ్రమపడిన పిమ్మట తలుపుల అంచులందలి నల్లరబ్బరుపై పాలిషు ఆరి తెల్లని చారలు మిగులుట కద్దు. సబ్బునీటిలో ముంచిన మెత్తని పళ్ళబ్రష్షుతో తోమిన అవి వదలిపోవును. పని మొదలిడుటకు ముందే రబ్బరుపై టేపు అంటించిన ఆ బాధయు ఉండదు.