నర్సింగ్ విద్యార్థుల మనసుకు పరీక్ష.. మార్కుల తర్వాతే అసలు పని

రోగుల నాడి చూడవలసిన వారి మనసును ఎవరు చూడాలి? 2020 మార్చిలో కళాశాలలు మూతపడి, నర్సింగ్ పాఠాలు సెల్‌ఫోన్ తెరపైకి చేరినప్పుడు తలెత్తిన ప్రశ్న ఇది. రక్తపోటు కొలవడం, సూది వేయడం, గాయానికి కట్టు కట్టడం రోగి పక్కన నిలబడి నేర్చుకునే విద్యలు. నెలల తరబడి వార్డు ముఖం చూడని విద్యార్థినికి, రేపు తన చేతుల్లో రోగికి హాని జరుగుతుందేమోనన్న భయం సహజం. ఇంటికొక్క ఫోనుతో తమ్ముడి తరగతి, తన తరగతి సర్దుకోవడం, సిగ్నల్ కోసం డాబా ఎక్కడం దీనికి తోడు. ఇంతలో 2021 మేలో, బీఎస్సీ, జీఎన్ఎం పూర్తి చేసిన నర్సులను సీనియర్ల పర్యవేక్షణలో కొవిడ్ విధులకు వినియోగించాలని కేంద్రం నిర్ణయించింది.

తొమ్మిది ప్రశ్నలు

కుంగుబాటును ముందుగా పసిగట్టేందుకు విరివిగా వాడే సాధనం పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి. గత రెండు వారాల్లో పనులపై ఆసక్తి, నిద్ర, ఆకలి, ఏకాగ్రత ఎలా ఉన్నాయని 9 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు, మొత్తం 27 మార్కులు. 10 లేదా ఆపైన వస్తే తదుపరి పరిశీలన అవసరమని లెక్క. ఆందోళనకు ఇలాంటిదే జీఏడీ-7. ఇందులో 7 ప్రశ్నలు, 21 మార్కులు. అయిదారు నిమిషాల్లో ఫోనులోనే నింపవచ్చు.

అయితే వడపోత వేరు, రోగ నిర్ధారణ వేరు. 2001 నాటి మూల అధ్యయనంలో, 10 మార్కుల గీత వద్ద ఈ ప్రశ్నావళి కుంగుబాటు ఉన్న వారిలో 88 శాతం మందిని పట్టుకుంది. లేని వారిలో 88 శాతం మందిని సరిగానే విడిచిపెట్టింది. వినడానికి బాగానే ఉంది. 100 మంది ఉన్న కళాశాలలో 10 మందికి నిజంగా కుంగుబాటు ఉందనుకుందాం. వారిలో సుమారు 9 మంది బయటపడతారు, ఒకరు తప్పిపోతారు. మిగిలిన 90 మందిలో 12 శాతం, అంటే దాదాపు 11 మంది కూడా గీత దాటుతారు. జాబితాకెక్కిన 20 మందిలో సగానికి పైగా జబ్బు లేనివారే! పరీక్షల ముందు నిద్ర చెడినా, ఆకలి మందగించినా మార్కులు పెరుగుతాయి మరి. వారందరిపై మానసిక రోగులని ముద్ర వేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ఒక్కొక్కరితో నిపుణులు విడిగా మాట్లాడిన తర్వాతే ఏదైనా తేల్చాలి.

చివరి ప్రశ్నే కీలకం

చనిపోతే బాగుండునన్న, తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపులు వస్తున్నాయా అని తొమ్మిదో ప్రశ్న అడుగుతుంది. మొత్తం మీద నాలుగు మార్కులే వచ్చినా, ఇక్కడ 0 కాకుంటే ఆ రోజే ఆ విద్యార్థినితో మాట్లాడాలి. ఎదురుగా కూర్చోబెట్టి కాగితం నింపిస్తే ముఖం చూసి పోల్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఆ వీలు లేదు. శనివారం రాత్రి నింపిన ఫారాన్ని సోమవారం దాకా ఎవరూ తెరవకపోతే, అసలు అడగడమే బాధ్యతారాహిత్యం. కనుక జవాబులను ఎవరు, ఎప్పుడు చూస్తారు, ఎవరు ఫోన్ చేస్తారు, ఏ ఆస్పత్రికి పంపుతారు అన్నది ఫారం పంపక ముందే నిర్ణయించుకోవాలి. ఇంటిల్లిపాదీ వాడే ఫోను కావచ్చు గనుక 'ఇప్పుడు ఒంటరిగా మాట్లాడగలవా అమ్మా' అని ముందు అడగడం కనీస జాగ్రత్త.

పేరు అడగాలా?

పేరు లేకుండా నింపమంటే నిజం చెబుతారు గాని, సాయం ఎవరికి కావాలో తెలియదు. పేరు అడిగితే, ఇంటర్నల్ మార్కులు వేసే మేడమ్ చూస్తారన్న జంకుతో అన్నింటికీ 'లేదు' అని పెట్టేస్తారు. నర్సింగ్ విద్యార్థులతో ఈ చిక్కు మరీ ఎక్కువ. మానసిక ఆరోగ్య నర్సింగ్ వారికి పాఠ్యాంశమే కాబట్టి ఏ జవాబు ఎటు దారితీస్తుందో ఊహించగలరు. మార్కులతో, హాజరుతో సంబంధం లేని కౌన్సెలర్‌కు మాత్రమే జవాబులు చేరేలా చూడటం ఉన్నంతలో మేలైన మార్గం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 చికిత్స పొందేవారి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. కళాశాల ప్రశ్నావళికీ అదే మర్యాద దక్కాలి.

కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. 2020లో ఈ నంబరు లేదు. ఇప్పుడు ప్రతి ఫారం అడుగునా దీన్ని ముద్రించవచ్చు.