బార్కస్‌లో నడిచే పాత తులం

హైదరాబాద్ చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటి పహాడీషరీఫ్ దారి పట్టుకుంటే కాసేపట్లో బార్కస్ వస్తుంది. మండీ హోటళ్లు, జామపండ్ల బండ్లు, లుంగీల్లో తిరిగే పెద్దలు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సైనికుల బ్యారక్‌లు ఇక్కడే ఉండేవి. అవే జనం నోట బార్కస్ అయ్యాయి. 1948లో పోలీసు చర్యతో ఆ సైన్యం పోయినా, వాళ్ల పిల్లలూ మనవలూ ఇక్కడే ఉండిపోయారు.

మండీ కోసం నగరమంతా ఇటు వస్తుంది. నాకు మాత్రం ఈ బస్తీలో అన్నిటికన్నా విలువైనది రంజాన్ నెలలో ఇళ్లలో జరిగే లెక్క. వందల ఏళ్ల కిందటే చలామణి పోయిన నాణేల బరువు ఇక్కడ ఏటా పేదవాడి చేతికి ఎంత అందాలో తేలుస్తుంది.

ఈ లెక్క జకాత్ అనే తప్పనిసరి దానానిది. దాని నియమం ఇది: ఏడాది పాటు చేతిలో నిలిచిన సొమ్ము ఒక హద్దుకు చేరితే అందులో నలభయ్యో వంతు తీసి ఇవ్వాలి. ఆ హద్దును నిసాబ్ అంటారు. 20 మిస్కాల్‌ల బంగారం, లేదా 200 దిర్హమ్‌ల వెండి. మిస్కాల్ అంటే నాటి బంగారు నాణెం దీనార్ ఎత్తు, సుమారు 4.25 గ్రాములు. పది దిర్హమ్‌లు ఏడు మిస్కాల్‌లతో సరితూగాలి. గ్రాముల్లోకి మారిస్తే 85 గ్రాముల బంగారం, 595 గ్రాముల వెండి. మన దేశంలోని ఉలమా (మత పండితులు) ఎక్కువమంది దీన్ని తులాల్లో చెబుతారు: ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి.

చిక్కంతా ఈ తులంతోనే. నిసాబ్ లెక్కలోని తులం 11.664 గ్రాములు, బ్రిటిష్ వాళ్ల వెండి రూపాయి ఎత్తు. ఆ ప్రకారం బంగారం హద్దు 87.48 గ్రాములు, వెండి హద్దు 612.36 గ్రాములు. కానీ ఈరోజు నగల దుకాణంలో తులమంటే పది గ్రాములే. ఆ తులంతో లెక్కవేస్తే హద్దు 75 గ్రాములకు దిగిపోతుంది. ఎనభై గ్రాములున్న మనిషికి బంగారం హద్దు ఒక లెక్కలో దాటినట్టు, ఇంకో లెక్కలో దాటనట్టు.

ఇలాంటి చిక్కు బైబిలు కాలానికీ తెలుసు. నాణేలు పుట్టకముందు వెండిని తూచే ఇచ్చేవారు. హెబ్రోను దగ్గర మక్పేలా గుహకు అబ్రాహాము తూచి ఇచ్చింది 400 షెకెల్‌ల వెండి. యూదా ప్రాంతపు తవ్వకాల్లో దొరికిన గుండ్రటి సున్నపురాతి తూకపు రాళ్లను బట్టి షెకెల్ 11.3 గ్రాములకు అటూఇటూ ఉంటుంది, మన పాత తులానికి చాలా దగ్గర. ఒకే సంచిలో పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి పెట్టుకోవడాన్ని ద్వితీయోపదేశ కాండం నిషేధించింది. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఒకటి వాడతారని ఆ భయం. మన నగరంలో ఈనాటికీ రెండు తులాలు తిరుగుతున్నాయి. మోసం లేకపోయినా తేడా తేడాయే.

తేడా తులంతోనే ఆగదు, ధర్మశాస్త్ర మార్గంలోనూ ఉంది. బార్కస్ అరబ్బులు ఎక్కువగా షాఫయీ మార్గం వాళ్లు. చుట్టుపక్కల బస్తీల్లో ఎక్కువమంది ముస్లింలు హనఫీ మార్గం వాళ్లు. స్త్రీ ఒంటిమీద పెట్టుకునే నగకు షాఫయీల ప్రధాన అభిప్రాయం ప్రకారం జకాత్ లేదు, హనఫీలకు ఉంది. పక్కపక్క ఇళ్లలో ఒకే బరువున్న గొలుసులకు రెండు లెక్కలన్నమాట. పండుగ నమాజుకు ముందు ఇచ్చే ఫిత్రాలోనూ అంతే. షాఫయీలు తాము తినే ధాన్యంలో ఒక సా (పాత కొలత) కొలిచి ఇస్తారు, అది రెండున్నర, మూడు కిలోల మధ్య వస్తుంది. హనఫీలకు గోధుమలైతే అర సా చాలు.

అసలు పెద్ద తేడా ధరల్లో ఉంది. 20 దీనార్‌లకూ 200 దిర్హమ్‌లకూ ఒకే విలువ ఉన్నప్పుడు బంగారం వెండికి ఏడు రెట్ల ఖరీదు. ఇప్పుడు ఎన్నో పదుల రెట్లు. అందువల్ల వెండి హద్దు బాగా కిందికి పడిపోయింది. డబ్బు రూపంలో ఉన్న పొదుపుకు వెండి హద్దునే పట్టుకోమని చాలామంది ముఫ్తీలు చెబుతారు, అప్పుడు ఇచ్చేవాళ్లు పెరుగుతారు. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. అయితే లెక్కకు కూర్చునేవాళ్లు తులాలను పక్కనపెట్టి గ్రాముల్లో అడగాలి, 612.36 గ్రాముల వెండి ఆరోజు ఎంత పలుకుతోందని.