విదేశాల్లో కారు అద్దెకు తీసుకుంటున్నారా? ఇంటికొచ్చాక జరిమానా రాకుండా ఇవి తెలుసుకోండి

సెలవులకు దుబాయ్, లండన్, ఇటలీ వెళ్లి అక్కడ సొంతంగా కారు నడుపుతున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. రోడ్లు బాగుంటాయి, నావిగేషన్ చేతిలోనే ఉంటుంది. సమస్య తిరిగొచ్చాక మొదలవుతుంది. కొన్ని వారాల తర్వాత క్రెడిట్ కార్డు నుంచి ఏదో మొత్తం కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది. ఆ తర్వాత ఓవర్ స్పీడ్ నోటీసు వస్తుంది.

ఇక్కడ ఈ-చలానా వస్తే ‘రాయితీ ఇచ్చినప్పుడు కడదాంలే’ అనుకోవడం చాలామందికి అలవాటు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ చలానాలపై కార్లకు 60 శాతం, ద్విచక్ర వాహనాలకు 80 శాతం రాయితీ ఇచ్చింది కూడా. విదేశాల్లో ఆ ధీమా పనికిరాదు. అక్కడ ఆలస్యమయ్యేకొద్దీ మొత్తం పెరగడమే ఎక్కువ.

ముందు లైసెన్స్ సంగతి

బ్రిటన్‌లో పర్యాటకులు భారతీయ లైసెన్స్‌తో 12 నెలల వరకు కారు నడపొచ్చు. యూఏఈ, ఇటలీల్లో మాత్రం దానితో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ (ఐడీపీ) దగ్గర ఉంచుకోవాలి. మన ఆర్టీఏ కార్యాలయమే దీన్ని ఇస్తుంది. పరివాహన్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాది పాటు చెల్లుతుంది. ఐడీపీ ఉన్నా అసలు లైసెన్స్ వెంట ఉండాల్సిందే.

బోర్డు మీద అంకె ఒకటే.. కొలత వేరు

బ్రిటన్, అమెరికాల్లో వేగాన్ని మైళ్లలో కొలుస్తారు. బ్రిటన్ బోర్డుపై 30 అని ఉంటే అది గంటకు 48 కిలోమీటర్లు. 70 అంటే దాదాపు 113 కిలోమీటర్లు. కారులో మీటరు కూడా మైళ్లలోనే ఉంటుంది కాబట్టి దాన్ని చూసి నడిపితే ఇబ్బంది లేదు.

చిక్కంతా సరిహద్దు దాటినప్పుడే. అమెరికాలో బంధువుల కారు తీసుకుని నయాగరా చూడటానికి కెనడా వైపు వెళ్లారనుకుందాం. అక్కడ బోర్డుపై 100 అంటే కిలోమీటర్లు. మీ మీటరులో ముల్లు 62 మైళ్ల దగ్గర ఉండాలి. పొరపాటున 100 దాకా తీసుకెళితే మీ వేగం గంటకు 160 కిలోమీటర్లు! ఉత్తర ఐర్లాండ్ నుంచి ఐర్లాండ్ రిపబ్లిక్‌లోకి వెళ్లినా ఇంతే.

దుబాయ్‌లో 20 వెసులుబాటు, అబుదాబిలో సున్నా

దుబాయ్‌లో బోర్డుపై రాసిన వేగం కంటే గంటకు 20 కిలోమీటర్ల వరకు ఎక్కువ వెళ్లినా కెమెరా పట్టించుకోదు. అబుదాబి 2018 ఆగస్టులో ఈ వెసులుబాటును తీసేసింది. బోర్డుపై 140 అంటే 140 మాత్రమే. దుబాయ్ నుంచి అబుదాబికి కారులో వెళ్లే పర్యాటకులు దొరికిపోయేది ఇక్కడే. ఒకే దేశం, ఒకే రహదారి అయినా ఎమిరేట్ మారగానే లెక్క మారుతుంది. పొగమంచు ఉన్నప్పుడు అబుదాబిలో పరిమితిని 80కి తగ్గిస్తారు. ఆ సమాచారం ఎలక్ట్రానిక్ బోర్డులపై కనిపిస్తుంది.

వేగం పరిమితి కంటే 60 కిలోమీటర్లకు మించి ఉంటే 2,000 దిర్హామ్‌ల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు పడతాయి. వాహనాన్ని 30 రోజులు జప్తు చేస్తారు. అద్దె కారైతే ఆ రోజుల అద్దె కూడా మీ ఖాతాలోనే పడొచ్చు.

కెమెరా దగ్గర బ్రేక్ వేస్తే సరిపోతుందా?

సరిపోదు. సగటు వేగాన్ని కొలిచే కెమెరాలూ ఉంటాయి. బ్రిటన్ మోటార్‌వేలపై పనులు జరిగే చోట, ఇటలీలో ‘ట్యూటర్’ పేరుతో ఆటోస్ట్రాడా రహదారులపై ఇవి పనిచేస్తాయి. మొదటి కెమెరా మీ నంబర్ ప్లేటును, సమయాన్ని నమోదు చేస్తుంది. కొంత దూరంలో రెండోది మళ్లీ నమోదు చేస్తుంది. మధ్య దూరం 10 కిలోమీటర్లు, పరిమితి 100 అయితే మీకు కనీసం 6 నిమిషాలు పట్టాలి. 5 నిమిషాల్లో చేరారంటే సగటున 120లో వెళ్లినట్టే. రెండు కెమెరాల దగ్గరా నెమ్మదిగా వెళ్లినా లాభం లేదు.

వాతావరణాన్ని బట్టీ పరిమితి మారుతుంది. ఇటలీ ఆటోస్ట్రాడాలపై మామూలుగా 130, వాన పడితే 110. ఫ్రాన్స్ మోటార్‌వేలపైనా అంతే. వేల్స్‌లో 2023 సెప్టెంబరు నుంచి చాలా జనావాస వీధుల్లో 20 మైళ్లే పరిమితి.

కెమెరాల జాడ చెప్పే యాప్‌లున్నాయి కదా అనుకోవద్దు. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో నడిపేటప్పుడు వాటిని వాడటమే నేరం. బయల్దేరే ముందే ఫోన్‌లో ఆ అలర్టులు ఆపేయండి.

ఇటలీలో మరో ఉచ్చు: జెడ్‌టీఎల్

ఫ్లోరెన్స్, రోమ్ వంటి నగరాల పాత బస్తీల్లోకి బయటి వాహనాలను నిర్ణీత వేళల్లో అనుమతించరు. వీటిని జెడ్‌టీఎల్ అంటారు. గేటు ఉండదు, ఎవరూ ఆపరు. కెమెరా నంబర్ ప్లేటును ఫొటో తీస్తుంది, అంతే. దారి తప్పి మూడుసార్లు లోపలికి వెళితే మూడు జరిమానాలు రావచ్చు. మీ హోటల్ ఆ ప్రాంతంలోనే ఉంటే, మీ కారు నంబరును అనుమతి జాబితాలో నమోదు చేయగలరేమో ముందే అడగండి.

నోటీసు మన ఇంటికి ఎలా వస్తుంది?

కెమెరాకు తెలిసేది నంబర్ ప్లేటే. కాబట్టి మొదటి నోటీసు వాహన యజమానికి, అంటే అద్దె సంస్థకు వెళుతుంది. బ్రిటన్‌లో సాధారణంగా 14 రోజుల్లో అది చేరాలి. సంస్థ మీ పేరు, చిరునామా పోలీసులకు ఇస్తుంది. విదేశీయులకు నోటీసు పంపడానికి ఇటలీ అధికారులకు 360 రోజుల గడువుంది. అందుకే వెళ్లొచ్చిన చాలా నెలల తర్వాతా ఉత్తరం రావచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మీ వివరాలు ఇచ్చినందుకు అద్దె సంస్థ కార్డు నుంచి సర్వీసు ఛార్జీ తీసుకుంటుంది. అది జరిమానా కాదు. అది కట్ అయింది కాబట్టి అంతా అయిపోయిందనుకుంటే, అసలు జరిమానా అలాగే మిగిలిపోతుంది. ఇటలీలో నోటీసు అందిన 5 రోజుల్లో కడితే చాలా జరిమానాలపై 30 శాతం తగ్గింపు ఉంటుంది. బ్రిటన్‌లో ఓవర్ స్పీడ్‌కు కనీస జరిమానా 100 పౌండ్లు.

ఇవి మరిచిపోవద్దు

- నడిపే ప్రతి ఒక్కరి పేరూ అద్దె ఒప్పందంలో ఉండాలి. పేరు లేనివాళ్లు నడిపి ప్రమాదం జరిగితే బీమా వర్తించకపోవచ్చు.
- సర్వీసు ఛార్జీ, టోల్, డిపాజిట్ నిబంధనలను సంతకానికి ముందే చదవండి.
- కారు తీసుకున్న, అప్పగించిన సమయాలున్న పత్రాలను కనీసం ఏడాది దాచండి. మీ దగ్గర కారు లేని సమయానికి నోటీసు వస్తే అవే ఆధారం.
- యూఏఈలో నంబర్ ప్లేటుతో ఆన్‌లైన్‌లో జరిమానాలు చూసుకోవచ్చు. కారు అప్పగించే ముందు ఒకసారి చూడండి.
- ఎస్సెమ్మెస్, వాట్సాప్‌లో లింకు వస్తే వెంటనే కట్టేయొద్దు. నకిలీ ఈ-చలానా మోసాలు ఇక్కడా చూస్తున్నాం. కారు నంబరు, తేదీ, చోటు మీ ఒప్పందంతో సరిపోలాయో లేదో చూసి, అధికారిక వెబ్‌సైట్‌ను మీరే తెరిచి చెల్లించండి.

నోటీసు నిజమైనదైతే పక్కన పడేయకండి. చెల్లించని జరిమానా పెరుగుతుంది, వసూలు సంస్థల చేతికి వెళ్లొచ్చు, మళ్లీ అక్కడ కారు అద్దెకు తీసుకోవడమూ కష్టం కావచ్చు. కట్టాక రసీదును పీడీఎఫ్‌గా భద్రపరుచుకోండి.