సిగ్నల్ దగ్గర ఆగే ఇంజను

ఒంగోలు వెళ్లినప్పుడు గమనించండి. ఎర్ర లైటు పడి కారు ఆగగానే కొన్ని కార్ల ఇంజను దానంతటదే ఆగిపోతుంది. చెడిపోయిందనుకోకండి! డ్రైవరు క్లచ్చి తొక్కగానే మళ్లీ స్టార్టవుతుంది. దీన్నే స్టార్ట్-స్టాప్ పద్ధతి అంటారు. పెట్రోలు ఆదా, పొగ తక్కువ.

కాని భారమంతా బ్యాటరీ మీదే. మాటిమాటికి ఇంజన్ని లేపాలి. ఇంజను ఆగినప్పుడు లైట్లు కూడా అదే వెలిగించాలి. అందుకే ఏజీఎం, ఈఎఫ్‌బీ అనే గట్టి రకాలు వేస్తారు. చవకని మామూలుది బిగిస్తే త్వరగా పాడవుతుంది. అర్ధరాత్రి రోగిని ఎక్కించాక సెల్ఫ్ అందుకోకపోతే ఏం గతి?

జాగ్రత్తలు:
1. పాతది ఏ రకమో కొత్తదీ అదే రకం వేయాలి.
2. విప్పేటప్పుడు నెగటివ్ తీగ ముందు, బిగించేటప్పుడు చివర.
3. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు రావచ్చు. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు.
4. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగడం మానేస్తే బ్యాటరీ చూపించాలి. అది నీరసించిందేమో!
5. వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. మన ఎండల్లో బండిని నీడన పెట్టాలి.

పాత బ్యాటరీలో సీసం, గంధకామ్లం ఉంటాయి. సీసం విషం, పిల్లలకు మరీ ప్రమాదం. తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని 2022 నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి పగలగొట్టకుండా షాపుకే ఇవ్వాలి. ఇంట్లోవాళ్లకూ చెప్పండి!